విజయవాడ పాత ఇంట్లో నడి హాలుకు వెలుతురు: ఏది పగలగొట్టాలి, ఏది ముట్టుకోకూడదు

మీరు చెప్పిన వివరాలు ఇవీ. సత్యనారాయణపురంలో 1984లో కట్టిన డాబా ఇల్లు, తూర్పు ముఖం, 28 అడుగుల వెడల్పు, 50 అడుగుల లోతు. దక్షిణం గోడ పక్కింటి గోడకు ఆనుకుని ఉంది. ఉత్తరాన మూడడుగుల సందు, దాని అవతల రెండంతస్తుల ఇల్లు. నడిమధ్య 14×16 హాల్లో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. నేల నాపరాళ్ళు, తలుపులకు చాక్లెట్ రంగు ఎనామిల్, గోడలకు పాత ఆకుపచ్చ డిస్టెంపరు. పైన అంతస్తు లేదు. మీ కాంట్రాక్టరు హాలుకీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేసి, సందు వైపు కిటికీలు పెద్దవి చేసి, ఫాల్స్ సీలింగ్ కొట్టిద్దామన్నారు. చేయొచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ మూడూ ఇప్పుడే ఒప్పుకోకండి. గోడ తీయడం మీ ఇంటి కట్టడానికి ప్రమాదం కావచ్చు. సందు వైపు కిటికీ పెంచితే డబ్బు పోతుంది గానీ హాలు నడిమికి వెలుతురు చేరదు. ఫాల్స్ సీలింగ్ ఉన్న కాస్త వెలుతురునూ తగ్గిస్తుంది. మీకు వెలుతురు పైనుంచి రావాలి, అది కూడా ఎండ లేకుండా రావాలి. మన ఊళ్ళో వెలుతురు పేరుతో ఎండను లోపలికి తెచ్చుకుంటే ఏప్రిల్, మే నెలల్లో ఆ గది వదిలేసి పోవాల్సిందే.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఉదయం పదకొండుకు లైట్లన్నీ ఆపి హాల్లో నాలుగైదు చోట్ల కుర్చీ వేసుకుని కూర్చోండి. కూర్చున్న చోటునుంచి ఏ కిటికీలోంచి అయినా ఆకాశం ముక్క కనిపిస్తోందా చూడండి. కనిపించిన చోట సుద్దతో గీత పెట్టండి. ఆకాశం కనబడని చోట కిటికీ ఎంత పెద్దదైనా మసకగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడికి వచ్చేది ఎదురు గోడ మీద పడి తిరిగొచ్చిన వెలుగు మాత్రమే. మూడడుగుల సందు, అవతల ఇరవై అడుగుల ఎత్తు గోడ అంటే కిటికీకి అడుగు దూరం దాటాక ఆకాశం కనబడదు. అందుకే ఆ కిటికీ మూడడుగులు ఉన్నా ఆరడుగులు ఉన్నా మీ సోఫా దగ్గర పెద్ద తేడా ఉండదు.

కిటికీల లెక్కకు నేషనల్ బిల్డింగ్ కోడ్ కొలత ఒకటి ఉంది. వేడి, ఉక్క కలిసిన ప్రాంతాల్లో గది నేల వైశాల్యంలో ఆరో వంతు కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలి. మీ హాలు 224 చదరపు అడుగులు, అంటే 37 చదరపు అడుగులు కావాలి. పాత 3×4 కిటికీ ఒక్కోటి 12 మాత్రమే. లోటు ఎంతో మీకే తెలుస్తుంది.

ఇంకొకటి. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: హాలు మధ్యలో గానీ వంటింటి పక్కన గానీ మొదట్లో పైకి తెరిచి వదిలిన జాగా ఉండేదా అని. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో మండువా లోగిళ్ళ అలవాటు పోయాక కూడా చాలా ఇళ్ళలో నాలుగడుగుల "ఓపెన్" వదిలేవారు. తర్వాత వాన పడుతోందనో, పిల్లి దిగుతోందనో రేకు వేసి మూసేశారు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే శ్లాబు కోసే పనే లేదు, అక్కడే మొదలుపెట్టొచ్చు.

లేకపోతే శ్లాబులో గూడు కట్టాలి. ఇది కాస్త వివరంగా చెప్తాను, తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే.

చాలామంది శ్లాబుకు కన్నం పెట్టి పైన గాజు పడుకోబెడతారు. మన ఊరు సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో ఇంకోసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తి మీదుగా పోతాడు. పడుకోబెట్టిన గాజుకు ఆ ఎండంతా తగులుతుంది. పాలికార్బొనేట్ షీటు వేస్తే కొన్నేళ్ళకే పసుపెక్కి గీతలు పడుతుంది, వాన పడితే టీవీ మాట వినబడదు. పైగా పడుకున్న గాజు చుట్టూ నీళ్ళు నిలుస్తాయి, కారేది ఆ అంచుల్లోనే.

బదులు గాజును నిలబెట్టండి. పాత వంటిళ్ళలో పొగగూడు ఎలా ఉండేదో అలాగన్నమాట. శ్లాబులో 2 అడుగుల 6 అంగుళాల వెడల్పు, 5 అడుగుల పొడుగు ఖాళీ. దాని చుట్టూ డాబా మీద అడుగు ఎత్తు కాంక్రీటు గట్టు. గట్టు మీద ఉత్తరం వైపు రెండడుగుల ఎత్తు గాజు. పైన చిన్న మూత శ్లాబు, ఉత్తరాన అడుగు బయటికి చూరు. జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తినుంచి ఉత్తరానికి 7 డిగ్రీలే వాలతాడు కాబట్టి ఆ అడుగు చూరే మధ్యాహ్నపు ఎండను ఆపుతుంది. వేసవిలో పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ కాస్త పడొచ్చు, అది పెద్ద ఇబ్బంది కాదు. దక్షిణం వైపు కూడా గాజు పెడితే వెలుతురు బాగా పెరుగుతుంది, కానీ డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకు దిగుతాడు గనుక అటు చూరు 20 అంగుళాలకు తగ్గకూడదు. తూర్పు, పడమర వైపులు గోడే. ముఖ్యంగా పడమర గాజు జోలికి పోవద్దు.

ఈ గూటికి గాజు పైన నాలుగంగుళాల లూవర్లు (గాలి పోయేలా వాలుగా అమర్చిన పలకలు) దోమల మెష్‌తో పెడితే హాల్లోని వేడిగాలి అటునుంచి పోతుంది. వెలుతురు కోసం మొదలుపెట్టిన పనిలో సగం లాభం నిజానికి ఈ గాలిదే. గూడు లోపలి నాలుగు గోడలకూ మెరుపు లేని తెల్ల రంగు వేయాలి. గాజు 5+5 మి.మీ. లామినేటెడ్ వేయండి. టఫెండ్ ఒక్కటే వేస్తే పగిలినప్పుడు ముక్కలన్నీ కింద కూర్చున్నవాళ్ళ మీద రాలతాయి. లామినేటెడ్ పగిలినా మధ్యలోని పొరకు అంటుకుని ఉంటుంది. దొంగల భయానికి లోపలి వైపు 12 మి.మీ. చదరపు చువ్వలు ఐదంగుళాల ఎడంతో బిగించండి.

ఇక కోత సంగతి. శ్లాబు అడుగున పెచ్చులు ఊడి తుప్పు చువ్వలు కనబడుతుంటే కోయొద్దు, ముందు దాన్ని బాగు చేయాలి. బాగుంటే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి, మెయిన్ చువ్వలు ఏ దిక్కుగా ఉన్నాయో చూపించుకోండి. సాధారణంగా పొట్టి దిక్కునే ఉంటాయి, మీ హాల్లో అది 14 అడుగుల వైపు. గూడు పొడుగు ఆ చువ్వలకు సమాంతరంగా ఉండాలి. అలాగైతే తక్కువ చువ్వలు తెగుతాయి. ఆరంగుళాల ఎడం ఉన్న చువ్వలైతే రెండున్నర అడుగుల వెడల్పులో ఐదు తెగుతాయి, అడ్డంగా పెడితే పది. తెగిన చువ్వల బరువు మోయడానికి ఖాళీకి రెండు పక్కలా ఇనుప చానెళ్ళు గోడ నుంచి గోడకు వేయాల్సి రావచ్చు. సైజు ఇంజనీరు లెక్క కట్టాలి, మేస్త్రీ అంచనాతో వద్దు. దూలం మీదుగా, గోడ మూలల్లో, ఫ్యాను హుక్కు దగ్గర కన్నం పెట్టకూడదు. మీ పైకప్పు కాంక్రీటు కాక టేకు దూలాలు, ఇటుక, సున్నంతో వేసిన పాత మిద్దె అయితే ఈ పద్ధతి అసలు పనికిరాదు.

కోసే ముందు చుట్టూ జాకీలు (శ్లాబును కింద నుంచి మోసే ఊతాలు) పెట్టించండి. సుత్తి, బ్రేకర్ల అదురుకు పాత శ్లాబులో నెర్రెలు పడతాయి, అందుకని డైమండ్ బ్లేడు కట్టరుతోనే కోయాలి. చువ్వల్ని అంచు దాకా నరికేయకుండా ఆరంగుళాలు మిగిల్చి, చుట్టూ కాంక్రీటు చెక్కి, పైకి వంచి గట్టు చువ్వలకు కట్టాలి. అప్పుడే గట్టూ శ్లాబూ ఒకటవుతాయి. అలా కట్టకుండా ఇటుకలతో గట్టు లేపితే ఏడాది తిరగకుండా ఆ సందులోంచి నీళ్ళు కారతాయి, అప్పుడు అందరూ గాజును తిడతారు. గట్టూ డాబా కలిసే మూలలో గుండ్రంగా గోళా కట్టి, వాటర్‌ప్రూఫ్ పూత గట్టు మీదికి అడుగు దాకా ఎక్కించాలి. గాజు బిగించకముందే చుట్టూ ఇటుక కట్ట వేసి రెండంగుళాల నీళ్ళు 48 గంటలు నిలబెట్టి చూడండి. జాకీలు మూడు వారాలు తీయొద్దు.

ఇదంతా జనవరి నుంచి ఏప్రిల్ లోపు ముగిసేలా చూసుకోండి. జూన్ తర్వాత కోసిన శ్లాబుకు టార్పాలిన్ కప్పుకుని కూర్చోవాల్సి వస్తుంది. పైకప్పు కోత, గోడ తీత లాంటివాటికి నగరపాలక సంస్థ అనుమతి సంగతి లైసెన్స్ ఉన్న ఇంజనీరుతోనే నడిపించండి. వాస్తు పట్టింపు ఉంటే గూడు చోటు గీసే ముందే ఇంట్లో అందరితో తేల్చుకోండి. శ్లాబు కోశాక చోటు మార్చడం కుదరదు.

మధ్య గోడ విషయం. 1984 ఇళ్ళలో తొమ్మిదంగుళాల గోడలంటే చాలావరకు శ్లాబు వాటి మీదే కూర్చుని ఉంటుంది. గోడ మందం కొలవండి, పైన దూలం కిందికి దిగి ఉందా చూడండి. తొమ్మిదంగుళాలు ఉండి దూలం లేకపోతే ఆ గోడ తీయొద్దు. నాలుగున్నర అంగుళాల గోడ కూడా తర్వాత అడ్డం కట్టిందో, బరువు మోస్తోందో చూడకుండా తీయకూడదు. దానికి బదులు రెండు గదుల మధ్య గోడలో లింటెల్ (తలుపు, కిటికీల మీద బరువు మోసే అడ్డ దిమ్మ) పైన, ఏడడుగుల నుంచి తొమ్మిదిన్నర దాకా ఇంజనీరు చూపిన చోట అడుగున్నర ఎత్తు కన్నాలు తెరిచి గాజు పెట్టండి. గూటి వెలుతురు కప్పు వెంబడి పక్క గదిలోకి పాకుతుంది, మాటలు మాత్రం పోవు. లోపలి తలుపుల పై సగంలో చెక్క పలక తీసి ఫ్లూటెడ్ గాజు (నిలువు గీతల గాజు) వేసినా ఇదే ఫలితం. ఈ రెండో పని వడ్రంగికి తలుపుకు ఒక రోజు కూడా పట్టదు.

కిటికీల్లో మీకు నిజంగా పనికొచ్చేది తూర్పు వైపువి. వాటి వెడల్పు పెంచకండి, వెడల్పు పెంచితే లింటెల్ మార్చాలి. కింది గోడ దించితే లింటెల్‌కు సంబంధం లేదు, ఖర్చూ తక్కువ, వాకిట్లో చెట్టూ కనబడుతుంది. కానీ గదిలో లోతుకు పోయే వెలుతురు కిటికీ పై భాగం నుంచే వస్తుంది. ఏసీ పెట్టినప్పుడు అట్టముక్కలతో మూసిన వెంటిలేటర్లు ఉంటే తీసేసి స్థిరమైన గాజు వేయండి. పువ్వుల గాజు తీసి 5 మి.మీ. మామూలు గాజు వేయండి. యూపీవీసీ స్లైడింగ్ గురించి ఒక మాట: మూడడుగుల కిటికీలో దాని ఫ్రేములే మూడో వంతు జాగా దాకా తినేస్తాయి, తెరిస్తే సగమే తెరుచుకుంటుంది. చిన్న కిటికీలకు తలుపులా తెరుచుకునే రకం మేలు. పాత టేకు ద్వారబంధాలు గట్టిగా ఉంటే అవే ఉంచండి, అలాంటి చెక్క ఇప్పుడు కొనడం కష్టం.

బందరు, ఏలూరు, రైవస్ కాలువల ఊళ్ళో దోమల మెష్ లేకుండా బతకలేం. అయితే దుమ్ము పట్టిన మెష్ వెలుతురును బాగా తినేస్తుంది. విప్పి కడుక్కునేలా వెల్క్రో గానీ కీలు గానీ పెట్టించండి, పగలు తెరిచిపెట్టేలా ఉంటే ఇంకా మంచిది.

సందులో చౌకగా అయ్యే పని ఒకటుంది, చాలామందికి తట్టదు. మీ ఉత్తరం కిటికీలకు ఆకాశం పక్కింటి గోడే. పక్కింటివాళ్ళను అడిగి ఆ గోడకు కిటికీల ఎదురుగా, పైదాకా, మీ ఖర్చుతో తెల్ల ఎక్స్‌టీరియర్ రంగు వేయించండి. మీ సన్‌షేడ్ల అడుగు భాగానికీ తెలుపే. సన్‌షేడ్లు వెలుతురు ఆపుతున్నాయని కొట్టించొద్దు, తుఫాను వానకు మొదట తడిసేది కిటికీ మూలలే.

ఇప్పుడు చెమ్మ. మీ ఫోటోల్లో దక్షిణం గోడ రెండున్నర అడుగుల దాకా ఉబ్బి చౌడు పొడి రాలుతోంది. దాని మీద పుట్టీ పెడితే ఒక్క వర్షాకాలం తర్వాత పొలుసులుగా లేస్తుంది. పుట్టీ నాణ్యత కాదు కారణం, గోడలోని నీరు. విజయవాడ, గుంటూరు పాత పేటల్లో రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోవడంతో ఇంటి నేల రోడ్డుకన్నా కిందికి పోయింది. నీళ్ళ ట్యూబుతో మీ నేల, సందు, పక్కింటి నేల మట్టాలు కొలవండి. పక్కింటి నేల ఎత్తులో ఉంటే, అటు బాత్‌రూమ్ ఉంటే, నీరు అటునుంచే వస్తోంది. ముందు ఆ పైపులు సరిచేయించాలి, మీ వైపు ఎన్ని మందులు పూసినా లాభం లేదు. నేలలోంచి పైకి పాకే చెమ్మైతే చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరింగ్ చెక్కేసి, నేలకు ఆరంగుళాల ఎత్తున 12 మి.మీ. కన్నాలు నాలుగైదు అంగుళాలకొకటి, గోడ మందంలో మూడింట రెండు వంతుల లోతు, కిందికి వాలుగా వేసి, చెమ్మను ఆపే సైలేన్ రసాయనం ఎక్కించాలి. తర్వాత గోడను ఆరనివ్వాలి. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది, వారాలు కాదు. ఆ భాగానికి సిమెంటు కన్నా సున్నం ప్లాస్టరింగ్ మంచిది, గోడలో మిగిలిన తడి దానిగుండా బయటికి పోతుంది. సున్నం మనకు పిడుగురాళ్ళలోనే దొరుకుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు నిలిచిన పేటలవాళ్ళు ఇది చదువుతుంటే, గోడ పూర్తిగా ఆరిందని చూసుకోకుండా రంగుకు డబ్బు పెట్టకండి.

రంగుకు లెక్క: తలుపులు, కిటికీలు పోను హాలు గోడలు 500, కప్పు 224, మొత్తం సుమారు 725 చదరపు అడుగులు. డిస్టెంపరు గీకేయాలి, దాని మీదే పుట్టీ పెడితే రెండూ కలిసి ఊడతాయి. రెండు పూతల పుట్టీకి 60 కిలోలు, అంటే 40 కిలోల బస్తా ఒకటిన్నర. ప్రైమరు 6 లీటర్లు, ఎమల్షన్ రెండు పూతలకు 10-11 లీటర్లు. కప్పుకు మెరుపులేని తెలుపు, గోడలకు వెన్న రంగు లాంటి లేత రంగు. మెరిసే రంగు వద్దు, పాత గోడ ఎగుడుదిగుళ్ళన్నీ గూటి వెలుతురులో బయటపడతాయి. తలుపుల పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకుండా నీళ్ళతో తడిపిన గరుకు కాగితంతో రుద్దించండి, ఆ రోజుల్లో చిన్నపిల్లల్ని ఇంట్లో ఉంచొద్దు.

నాపరాళ్ళు వెలుతురును మింగుతాయి, నిజమే. కదలని రాళ్ళైతే పెకలించక్కర్లేదు. కొట్టి చూసి బోలుగా మోగినవాటిని మళ్ళీ పరిచి, మీద గంట్లు పెట్టి, టైల్ అడ్హెసివ్‌తో ఐవరీ మ్యాట్ విట్రిఫైడ్ టైల్స్ 2 మి.మీ. సందుతో వేయొచ్చు. నేల 15 మి.మీ. దాకా లేస్తుంది, గడప ఎత్తు, తలుపు రెక్కల అడుగు ముందే కొలుచుకోండి. రోడ్డు ఎత్తు వల్ల వాననీళ్ళు లోపలికొచ్చే ఇళ్ళలో ఈ ఎత్తు లాభమే. మొజాయిక్ ఉన్న గదుల్లో మాత్రం టైల్స్ వేయకండి, గ్రైండింగ్ పాలిష్ చేయిస్తే లేత రంగు తిరిగొస్తుంది.

ఫాల్స్ సీలింగ్ ఎందుకు వద్దంటే, పదడుగుల కప్పు ఎనిమిదిన్నరకు దిగితే వెంటిలేటర్లు మూసుకుపోతాయి, గూటి నోరు బావిలా లోతవుతుంది. వైరింగ్ దాచడానికి గోడ అంచున ఆరంగుళాల పెట్టె చాలు. పాత వైరింగ్ ఎలాగూ మార్చాలి: లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి 4 చదరపు మి.మీ. రాగి వైరు, సరైన ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి). రాత్రికి హాలు మొత్తానికి 3,500 ల్యూమెన్లు సరిపోతాయి, 35-40 వాట్ల ఎల్‌ఈడీ. అది ఒకే చోట కాకుండా గోడల మీదా కప్పు మీదా పడేలా నాలుగైదు చోట్ల పంచండి.

పని వరుస: శ్లాబు కోత, గట్టు, గూడు, కిటికీలు, వైరింగ్ గాడులు, ప్లాస్టరింగ్, ఆరడానికి గడువు, నేల, పుట్టీ, ప్రైమరు, ఒక కోటు రంగు, చెక్క పని, చివరి కోటు. రంగు వేశాక గాడులు కొట్టే పరిస్థితి వస్తే వరుస తప్పినట్టే.

ఒకేసారి అంతా వద్దనుకుంటే ఈ నెల సందు గోడకు తెలుపు, వెంటిలేటర్లు, మెష్, తలుపుల గాజు చేయించి, చెమ్మ గోడ చెక్కించి ఆరబెట్టండి. గూడు జనవరికి పెట్టుకోండి. ఈలోగా హాలు శ్లాబు అడుగు భాగం, మధ్య గోడ పైఅంచు, డాబా మీద హాలు పైభాగం దగ్గరగా ఫోటోలు తీసి పెట్టండి. దూలం ఎక్కడుందో, పెచ్చులు ఉన్నాయో లేదో కనబడితే గూడు ఏ చోట సరిపోతుందో చూసి చెప్తాను. దాన్ని మీ ఇంజనీరుతో సరిచూసుకోవచ్చు.